ఏప్రిల్ 15 లోపు

విజయవాడ వన్ టౌన్, వస్త్రలత మొదటి అంతస్తు. 2025 ఏప్రిల్ మొదటి వారం, మధ్యాహ్నం రెండు దాటింది, గిరాకీ పలచబడింది. మాట్లాడుకునేవాళ్లలో ఒకరు హోల్‌సేల్ బట్టల కొట్టు యజమాని, ఇంకొకరు విశాఖలో ఎం.ఏ. సైకాలజీ ముగించి వచ్చిన ఆయన మేనకోడలు. ఇద్దరూ కల్పితమే. వాళ్ల వాదనలో వచ్చే నిబంధనలు, తేదీలు, రూపాయలు మాత్రం ఉన్నవే. ఆ వారంలో ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఇలాంటి వాదనే జరిగి ఉంటుంది, కాకపోతే సైకాలజీ బదులు కంప్యూటర్ సైన్స్ అని ఉంటుంది.

మావయ్య: ఫ్యాను కిందకి జరిగి కూర్చో. మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. అమెరికా నుంచి రెండు సీట్లొచ్చినా మొహం వేలాడేసుకు తిరుగుతోంది, నువ్వే అడుగు అంది. ఏంటే సంగతి?

మేనకోడలు: మొహం బానే ఉంది మావయ్యా. రెండింట్లో దేనికీ ఇంకా ఊ అనలేదు, అంతే. పదిహేనో తారీకు దాకా టైముంది.

మావయ్య: ఎవరిచ్చిన టైము?

మేనకోడలు: అక్కడి యూనివర్సిటీలు చాలావరకు కలిసి చేసుకున్న కట్టుబాటు. స్టైపెండ్ ఇస్తామని సీటు ఇచ్చాక, ఏప్రిల్ 15 లోపు తేల్చి చెప్పమని పిల్లల్ని ఒత్తిడి పెట్టకూడదు. మన దగ్గర అలాంటి ఉమ్మడి తేదీ అంటూ ఏదీ లేదు. ఎవరి జాబితా వాళ్లది, ఎవరి గడువు వాళ్లది.

మావయ్య: బానే ఉంది. ఇంతకీ ఆ రెండూ ఏంటి?

మేనకోడలు: ఒకటి పీహెచ్‌డీ. మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ. సోషల్ సైకాలజీ, అంతా పరిశోధనే. ఫీజు వాళ్లే మాఫీ చేస్తారు. క్లాసుల్లో ప్రొఫెసర్లకి సాయం చేస్తే నెలనెలా స్టైపెండ్. రెండోది సై.డీ., క్లినికల్. పేషెంట్లని చూసే చదువు. దానికి డబ్బు మనమే కట్టాలి. వాళ్లు స్టైపెండ్ ఇవ్వట్లేదు కాబట్టి ఆ పదిహేనో తారీకు కట్టుబాటు వాళ్లకి పట్టదు. డిపాజిట్ ఎప్పుడు కడతావని మెయిళ్ల మీద మెయిళ్లు.

మావయ్య: ఇందులో ఆలోచించేదేముందే? ఒకడు డబ్బులిచ్చి చదువు చెప్తానంటున్నాడు. ఇంకొకడు డబ్బులు తీసుకుని చెప్తానంటున్నాడు. ఈ మాత్రానికి అన్నం మానేశావా?

మేనకోడలు: అమ్మ ఎక్కువ చేసి చెప్తుంది. నేను అడిగింది ఈ రెండూ కాదు, అదీ బాధ. నేను అడిగింది క్లినికల్ పీహెచ్‌డీ. పేషెంట్లని చూడటం నేర్పుతారు, పరిశోధన నేర్పుతారు, స్టైపెండూ ఇస్తారు. ఒకచోట వెయిటింగ్ లిస్టులో పెట్టారు. మిగతా అన్ని చోట్లా కాదన్నారు.

మావయ్య: మార్కులు చాల్లేదా?

మేనకోడలు: మార్కుల గొడవ కాదు. మంచి క్లినికల్ పీహెచ్‌డీ అంటే ఒక్కోదానికి వందల్లో అప్లికేషన్లు పడతాయి. ఏడాదికి ఆరుగురినో ఎనిమిదిమందినో తీసుకుంటారు.

మావయ్య: అంటే ర్యాంకు రాలేదన్నమాట.

మేనకోడలు: ర్యాంకు ఉండదు మావయ్యా అక్కడ. ఇది ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేక చస్తున్నా. సీటు యూనివర్సిటీది కాదు, గైడుది. ఒక్కో ప్రొఫెసరు ఏడాదికి ఒక్క స్టూడెంటుని తీసుకుంటారు. ఒక్కో ఏడు ఆ ఒక్కరినీ తీసుకోరు. నేను ఎవరి పేపర్లు చదివి, ఎవరి కోసం అప్లికేషన్ రాశానో ఆవిడ ఈ ఏడు ఎవరినీ తీసుకోలేదు. నాకంటే మెరుగైనవాళ్లు వచ్చారని కాదు. ఆ గదిలో కుర్చీ ఖాళీ లేదు.

మావయ్య: అమెరికాలోనే ఈ చోద్యమా?

మేనకోడలు: ఇక్కడా అంతే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఎనిమిదిమంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి పీహెచ్‌డీ స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంటుకి మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లని తీసుకోకూడదు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. గైడు లేకపోతే సీటు ఎక్కడి నుంచి పుడుతుంది? ఎంట్రన్సులో మొదట వచ్చినా, మన టాపిక్ తెలిసిన గైడు దగ్గర ఖాళీ లేకపోతే అంతే సంగతులు.

మావయ్య: నిన్ను ఇంటర్‌లో హాస్టల్లో వేసింది నేనే. వారం వారం పరీక్ష, వారం వారం ర్యాంకు. దాన్ని నువ్విప్పటికీ తిట్టిపోస్తావు. కానీ ఒక సుఖం ఉందే అందులో. మనం ఎక్కడున్నామో తెలిసేది. ఎవడు ముందున్నాడో, ఎన్ని మార్కులు కలిస్తే వాణ్ణి దాటుతామో తెలిసేది.

మేనకోడలు: ఒప్పుకుంటున్నా. ఆ సుఖమే నన్ను చెడగొట్టింది. కాదన్న మెయిల్లో కారణం ఉండదు. కొందరు మెయిలే పంపరు. డిసెంబరు మొదట్లో గడువు, జనవరి ఫిబ్రవరిల్లో ఇంటర్వ్యూలు. అప్పటికి పిలుపు రాకపోతే అయిపోయిందని మనమే అనుకోవాలి. ఎవరూ కారణం చెప్పకపోతే మనసు ఊరుకోదు, తనే ఒకటి అల్లుకుంటుంది. బీకాం చదివాననా, ఇంగ్లీషు చాల్లేదా, విజయవాడ అని చూసి పక్కన పెట్టారా...

మావయ్య: కేబీఎన్ కాలేజీలో బీకాం చేస్తే తప్పేంటంట? ఈ బజారు బజారంతా అక్కడ చదివిందే.

మేనకోడలు: తప్పని కాదు. బీకాంలో ప్రయోగం ఎలా చెయ్యాలో, సర్వే ప్రశ్నలు ఎలా రాయాలో చెప్పరు కదా. అక్కడి పిల్లలు డిగ్రీ కాగానే ఏ ప్రొఫెసరు ల్యాబులోనో ఏడాది రెండేళ్లు పనిచేసి అప్పుడు అప్లై చేస్తారు. నాకు అది లేదు. ఆ లోటు నేను పూడ్చుకోగలను. కుర్చీ ఖాళీ లేకపోవడాన్ని నేనేమీ చెయ్యలేను. ఈ రెండింటినీ విడదీసి చూసుకోడానికి నాకు మార్చి దాకా పట్టింది. అప్పటిదాకా రెండూ కలిసి నా చేతకానితనంలాగే కనిపించాయి.

మావయ్య: నువ్వే సైకాలజీ చదివావు. నీకేంటి మనసు సంగతి?

మేనకోడలు: ఇదిగో, ఈ మాటే వద్దన్నది. సంక్రాంతికి అన్నారు, బావ పెళ్లిలో అన్నారు. షుగరు డాక్టరుకి షుగరు రాదా? ఆందోళన ఎలా పుడుతుందో చదివినంత మాత్రాన రాత్రి పన్నెండింటికి మెయిల్ తెరవకుండా ఉండగలనా? వాళ్లకి పగలైతే మనకి రాత్రి. నిద్రపోయే టైములోనే మెయిళ్లు వస్తాయి. చివరికి ఫోన్లో మెయిల్ తీసేశాను. పొద్దున తొమ్మిదింటికి ఒక్కసారి కంప్యూటర్లో చూసేదాన్ని, అంతే. మీరు “సీటొచ్చిందా” అని అడిగిన రోజు మాత్రం ఆ నియమం చెడేది.

మావయ్య: అడగడం కూడా తప్పేనా?

మేనకోడలు: తప్పు కాదు. ఏదన్నా ఉంటే నేనే చెప్తానని అప్పుడే అనాల్సింది. అనలేదు.

ఇక్కడ నా మాట ఒకటి. ఈ పిల్ల ఏడాది కథలో పరాయి దేశపు మెయిళ్లు ఒక భాగమే. 2024 జూన్ 18న ఈ పిల్లతో సహా దేశంలో తొమ్మిది లక్షల మందికి పైగా యూజీసీ నెట్ రాశారు. మర్నాడే పరీక్ష రద్దన్నారు. ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా మళ్లీ పెట్టారు. ఆ తేదీల మధ్యే బుడమేరు విజయవాడని ముంచింది, ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద పోయింది. సింగ్ నగర్ డాబాల మీద జనం పాలప్యాకెట్ల కోసం చేతులు చాచిన వారం అది. అలాంటి ఏడాదిలో పరీక్షలు రాసినవాళ్లకి “గట్టిగా ప్రయత్నించు” అని సలహా చెప్పడానికి నాకైతే నోరు రాదు.

మావయ్య: సరే, ఇప్పుడు లెక్కలోకి రా. ఆ సై.డీ. ఎంతవుతుంది?

మేనకోడలు: ఏడాదికి ఫీజే 40 వేల డాలర్లు. తరగతులు నాలుగేళ్లు. అయిదో ఏడు ఇంటర్న్‌షిప్.

మావయ్య: డాలరు 85 అనుకున్నా నాలుగేళ్ల ఫీజు కోటీ ముప్పై ఆరు లక్షలు. తిండీ అద్దే విడి. పది శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి పదమూడున్నర లక్షలు వడ్డీకే పోతుంది, అసలు కదలదు. కంకిపాడు దగ్గర మీ తాతగారి చెక్క అమ్మాలి. అమ్మొద్దనను. అమ్మితే తిరిగి ఏమొస్తుందో చెప్పమంటాను. ఆ కాలేజీ వాళ్లు తమ లెక్కల పుస్తకం చూపిస్తారా? ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో పోయారు, ఎంతమంది లైసెన్సు దాకా వెళ్లారు?

మేనకోడలు: చూపించాలి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి కోర్సూ అవన్నీ ఏటా బయటపెట్టి తీరాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, పూర్తవడానికి ఎన్నేళ్లు పట్టింది, ఎంతమందికి ఇంటర్న్‌షిప్ దొరికింది, ఎంతమందికి లైసెన్సు వచ్చింది, అన్నీ.

మావయ్య: ఆహా! ఇదే మాట మన కాలేజీలకి పెడితే సగం మూతపడతాయి. చూశావా మరి?

మేనకోడలు: చూశా. మరీ తీసిపారేసేలా లేదు, గొప్పగానూ లేదు. అసలు భయం ఇంటర్న్‌షిప్ దగ్గర. అక్కడ క్లినికల్ చదివేవాళ్లకి శిక్షణ ఇచ్చే సంస్థల్లో అతి పెద్దది మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థ. అమెరికా పౌరులు కానివాళ్లని అందులోకి తీసుకోరు. అంటే పోటీలో దిగకముందే నాకు ఒక పెద్ద తలుపు మూసి ఉన్నట్టే. అప్పు మాత్రం అందరికీ ఒకటే.

మావయ్య: అయిపోయింది. అది కొట్టెయ్. ఇంక ఫ్రీ పీహెచ్‌డీ ఒక్కటేగా, దానికి ఊ అని రాసెయ్.

మేనకోడలు: అక్కడే నాకు మీతో కుదరనిది. అది చదివితే నేను డాక్టర్ ఫలానా అని బోర్డు పెట్టుకోవచ్చు గానీ క్లినికల్ సైకాలజిస్ట్ అని పెట్టుకోకూడదు. ఇక్కడా కూడదు, అక్కడా కూడదు. మన 2017 మానసిక ఆరోగ్య చట్టంలో క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరో స్పష్టంగా రాశారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్, అదే ఆర్.సి.ఐ., అనుమతి ఉన్న క్లినికల్ చదువు ఉండాలి. మామూలు దారి రెండేళ్ల ఎం.ఫిల్., ఆసుపత్రిలో పెద్దవాళ్ల పర్యవేక్షణలో పేషెంట్లని చూస్తూ చేసేది. ఒట్టి పీహెచ్‌డీ దానికి సరిపోదు.

మావయ్య: ఎం.ఫిల్. ఎత్తేశారు కదే? పేపర్లో చదివా.

మేనకోడలు: అన్ని సబ్జెక్టుల్లో ఎత్తేశారు, 2022 నిబంధనలతో. క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 దాకా పొడిగించారు. అంటే ఈ ఏడాదే చివరి బ్యాచి. బెంగళూరు నిమ్‌హాన్స్‌కి, ఇంకో రెండుమూడు చోట్లకి అప్లై చేశా. అది వస్తే ముందు లైసెన్సు, తర్వాత పీహెచ్‌డీ. నా మనసు అటే ఉంది.

మావయ్య: వస్తే కదా! ఫలితం రాలేదు, సీటు లేదు. చేతిలో ఉన్నది వదిలి రానిదాని కోసం కూర్చుంటానంటావు. అదీ రాకపోతే?

మేనకోడలు: నెట్ ఉంది. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ రాలేదు గానీ పీహెచ్‌డీకి అర్హత వచ్చింది. ఆ స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఏడాది చెల్లుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ ఉంది, అప్లై చేస్తా.

మావయ్య: డబ్బెంత ఇస్తారు?

మేనకోడలు: జేఆర్‌ఎఫ్ ఉంటే నెలకి 37 వేలు, పైగా హెచ్‌ఆర్‌ఏ. లేకపోతే సెంట్రల్ యూనివర్సిటీల్లో ఇచ్చేది 8 వేలు.

మావయ్య: ఎనిమిది వేలా? కింద మూటలెత్తే కుర్రాడు అంతకి రెండింతలు తీసుకుంటాడు. ఆ సైన్సేదో నాకు తెలీదు గానీ ఎనిమిది వేలతో హైదరాబాదులో మనిషి బతకడని మాత్రం తెలుసు.

మేనకోడలు: చేరాక మళ్లీ నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకోవచ్చు. వయసు పరిమితి 30. ఆడవాళ్లకి అయిదేళ్ల సడలింపు ఉంది.

మావయ్య: ముప్పై అయిదు దాకా పరీక్షలు రాస్తూ కూర్చుంటావా? మీ అమ్మకి ఈ ముక్క చెప్పకు. సరే, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. పోయిన దసరాకి నాకేం చెప్పావ్? నిమ్‌హాన్స్ వాళ్లు దేశంలో మనసు జబ్బుల సర్వే చేశారన్నావు.

మేనకోడలు: 2015-16లో. పెద్దవాళ్లలో వందకి పదిమందికి పైగా ఏదో ఒక ఇబ్బందితో ఉన్నారని తేలింది. ఎక్కువమందికి వైద్యం అందట్లేదని కూడా.

మావయ్య: ఎన్ని రాష్ట్రాల్లో?

మేనకోడలు: పన్నెండు.

మావయ్య: అందులో మనం ఉన్నామా?

మేనకోడలు: లేం. ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు.

మావయ్య: అదీ. ఆ రోజు నువ్వు ఎంత కోపంగా చెప్పావో నాకు గుర్తుంది. ఇన్ని హాస్టళ్లున్న ఊళ్లో, ఇంతమంది పిల్లలు చదువుకునే ఊళ్లో, వాళ్ల మనసులో ఏముందో లెక్క తీసినవాడు లేడన్నావు. ఇప్పుడు ఇంటర్ ఫలితాలొచ్చే నెల. ప్రతి ఏడూ ఈ నెలలో పేపర్ తెరవాలంటే నాకే భయం. మరి ఆ లెక్క తీసే విద్య ఏది? నువ్వొద్దంటున్న ఆ పీహెచ్‌డీయే కదా?

(పిల్ల వెంటనే జవాబు చెప్పలేదు. వ్యాపారి వేసిన ఈ ఒక్క ప్రశ్న, అడ్మిషన్ల సలహా పుస్తకాల్లో చాలావాటికంటే విలువైనదని నాకనిపిస్తుంది. ఏ సీటు గొప్పదని ఆయన అడగలేదు. ఏ పని కోసం బయల్దేరావని అడిగాడు.)

మేనకోడలు: లెక్క తీసేవాళ్లు కావాలి, నిజమే. కానీ ఒక పిల్ల ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే లెక్క తీసేవాళ్లు ఏం చేస్తారు మావయ్యా? ప్రతి జిల్లా మానసిక ఆరోగ్య బృందంలో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ ఉండాలి. 14416 టెలి మానస్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసిన పిల్లని ఆ తర్వాత ఎవరి దగ్గరికి పంపాలి? నాకు ఆ కుర్చీలో కూర్చోవాలని ఉంది.

మావయ్య: కూర్చో, ఎవరొద్దన్నారు? ముందు అది చదివి, తర్వాత ఇది చదవకూడదా?

మేనకోడలు: అయిదారేళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచా? పరిశోధన పీహెచ్‌డీ చేసి క్లినికల్‌లోకి మారడం అక్కడ కూడా తేలిక కాదు. మళ్లీ శిక్షణ, మళ్లీ గంటల లెక్క.

మావయ్య: మీ యూనివర్సిటీలోనే ఒకాయన ఉండేవారన్నావు. అమెరికా వెళ్లి, తిరిగొచ్చి, డిపార్ట్‌మెంటే పెట్టారని. ఆయన పేరేంటి?

మేనకోడలు: కోనేరు రామకృష్ణారావు గారు. 1960ల్లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ దగ్గర పనిచేశారు. వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగం మొదలుపెట్టారు. మళ్లీ వెళ్లి రైన్ స్థాపించిన సంస్థకే డైరెక్టర్ అయ్యారు. 1984లో ఇక్కడ వైస్ ఛాన్సలర్. 2011లో పద్మశ్రీ.

మావయ్య: చూశావా? వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. నువ్వు ఒక్కసారి విమానం ఎక్కితే తలుపు పడిపోతుందన్నట్టు మాట్లాడతావు.

మేనకోడలు: ఆయన కథ నా వైపే పలుకుతుంది మావయ్యా. ఆయన అమెరికా కోసం వెళ్లలేదు, రైన్ కోసం వెళ్లారు. టెలిపతీ లాంటివి ల్యాబులో పరీక్షిస్తానంటే అప్పటి సైకాలజిస్టుల్లో చాలామంది అది శాస్త్రమే కాదని కొట్టిపారేశారు. ఇప్పటికీ అంటారు, నేనూ అంటాను. అయినా ఆయనకి ఆ ప్రశ్న కావాలి, ఆ ప్రశ్న ఉన్నది రైన్ దగ్గర. అందుకే వెళ్లారు. నాకు సీటిచ్చిన ప్రొఫెసరు ప్రశ్న నా ప్రశ్నేనా అన్నదే నాకు తేలట్లేదు.

(ఆంధ్రా యూనివర్సిటీ 1926లో మొదలైంది ఈ బెజవాడలోనే. 1930లో వాల్తేరు తరలిపోయింది. ఉండిపోయి ఉంటే ఈ పిల్లకి ఎం.ఏ. హాస్టల్ ఖర్చు మిగిలేది, మావయ్య దుకాణానికి మరింత తరచుగా వచ్చేది, ఈ పోట్లాట రెండేళ్ల ముందే మొదలయ్యేది.)

మావయ్య: తేలకపోతే తేల్చుకో. ఆయనతో మాట్లాడావా?

మేనకోడలు: ఆవిడ. జూమ్‌లో మాట్లాడా. పరీక్షల్లో ఓడినవాళ్లు తమ గురించి తాము ఏమనుకుంటారన్నది ఆవిడ పని. వినడానికి దగ్గరగానే ఉంది. అయితే అన్నీ అమెరికా కాలేజీ పిల్లల మీదే. మన హాస్టళ్ల మీద చెయ్యనిస్తారా అని అడగలేదు.

మావయ్య: ఎందుకు అడగలేదు?

మేనకోడలు: సీటు ఇస్తారో లేదో తెలియనప్పుడు అడిగితే బావుండదని.

మావయ్య: ఇప్పుడు ఇచ్చారుగా. సరుకు ఖాయం అయ్యేదాకా బేరం వాళ్ల చేతిలో ఉంటుంది. ఖాయం అయ్యాక వారం రోజులు మన చేతిలో ఉంటుంది. నీకు పదిహేను దాకా ఉంది. ఆవిడ దగ్గర చదివేవాళ్లతో మాట్లాడావా?

మేనకోడలు: ఒకమ్మాయితో మాట్లాడా. ఆవిడ మంచిదే, మెయిల్ రాస్తే జవాబిస్తుంది అంది. నీది ఎన్నో ఏడని అడిగితే ఏడో ఏడంది.

మావయ్య: ఏడా! డబ్బు ఎన్నేళ్లు ఇస్తామన్నారు?

మేనకోడలు: అయిదు. ఏటా పని బావుంటే, నిధులుంటే అని కింద రాశారు.

మావయ్య: ఆ కింద రాసిందే నాకు కావాలి. పైన రాసింది ఎవడైనా రాస్తాడు. ఆ డబ్బు డిపార్ట్‌మెంటుదా, ఆవిడ తెచ్చుకున్న గ్రాంటుదా?

మేనకోడలు: మొదటి ఏడు డిపార్ట్‌మెంటే. పాఠాల్లో సాయానికి. తర్వాత సంగతి అడగలేదు.

మావయ్య: ఎండాకాలం మూడు నెలలు ఇస్తారా?

మేనకోడలు: తొమ్మిది నెలలకని ఉంది.

మావయ్య: మరి మిగతా మూడు నెలలు ఏం తింటావు? బయట పని చెయ్యనిస్తారా?

మేనకోడలు: స్టూడెంట్ వీసా మీద బయట చెయ్యకూడదు.

మావయ్య: ఇంత చదివావు, ఇవేవీ అడగలేదా? పేపర్లో చూస్తున్నావుగా, అక్కడ కొత్త ప్రభుత్వం పరిశోధనల డబ్బు కోసేస్తోంది. కొన్ని యూనివర్సిటీలు ఇచ్చిన సీట్లే వెనక్కి లాక్కున్నాయంట. గ్రాంటు మీద బతికే గైడు దగ్గర చేరితే గ్రాంటు పోయిన రోజు నీ సంగతేంటి?

మేనకోడలు: ఇందాకేమో ఆలోచించేదేముంది, ఊ అనెయ్ అన్నారు.

మావయ్య: ఇప్పుడూ అదే అంటున్నా. ఊ అనే ముందు కాగితం మీద రాయించుకోమంటున్నా. నీకు నీ లైసెన్సు సంగతి అంగుళం అంగుళం తెలుసు. ఈ డబ్బు సంగతి మాత్రం అడగటానికే సిగ్గు. రెండూ నీ జీవితమే కదే.

మేనకోడలు: సరే, అడుగుతా. హాస్టళ్ల సంగతి కూడా అడుగుతా. ఆ రెండింటికీ సరైన జవాబొస్తే నేను మెత్తబడతానేమో. ఏమో అంటున్నా, ఒప్పుకోలేదు. ఎం.ఫిల్. ఫలితం వచ్చేసరికి పదిహేను దాటిపోతుంది, అది నా మెడకి ఉరి. ఒక గడువు ఆ దేశానిది, ఇంకొకటి ఈ దేశానిది. రెండిట్నీ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలే లేదు.

మావయ్య: వెయిటింగ్ లిస్టు ఉందన్నావుగా? అది వస్తే?

మేనకోడలు: వస్తే ఈ మాటలన్నీ వృథా, ఎగిరి గంతేసి వెళ్తా. ఎక్కువగా పదమూడు, పధ్నాలుగు, పదిహేను తారీకుల్లోనే కదులుతుంది. ఎవరో రెండు మూడు సీట్లు పట్టుకుని ఆఖరి రోజు దాకా కూర్చుంటారు కదా. వాళ్లు వదిలితేనే కింద ఉన్నవాళ్లకి. అందుకే ఆ సై.డీ. సీటు ఇప్పుడే వద్దని రాసేస్తున్నా.

మావయ్య: ఆగాగు. పదిహేను దాకా ఉంచుకుంటే పోయేదేముంది? చేతిలో ఒకటి ఎక్కువుంటే ధైర్యం.

మేనకోడలు: మీరే కొట్టెయ్ అన్నారు.

మావయ్య: లెక్కలో కొట్టెయ్ అన్నా. చెయ్యి ఖాళీ చేసుకోమన్లేదు. రేపు ఆ పీహెచ్‌డీ వాళ్లు కూడా సీటు వెనక్కి లాక్కుంటే?

మేనకోడలు: లాక్కున్నా కోటీ ముప్పై ఆరు లక్షలు పెట్టి అక్కడికి వెళ్లను కదా. వెళ్లనిది పట్టుకుంటే నాకొచ్చే ధైర్యమేంటి? ఆ లిస్టులో నా వెనక ఎవరో ఉంటారు. వాళ్లకి డబ్బున్న నాన్న ఉన్నాడో, అమెరికా పౌరసత్వం ఉందో. నాకు పనికిరాని సీటు వాళ్లకి పనికొస్తుంది. ఇంకోచోట అచ్చం అలాంటి లిస్టులోనే నేనూ కాచుక్కూర్చున్నా.

మావయ్య: నువ్వు వదిలినందుకు నీకెవరో వదులుతారా?

మేనకోడలు: వదలరు. వాళ్లకి నేనెవరో తెలీదు. ఇదిగో, పంపేశా.

మావయ్య: అప్పుడే? నన్ను చదవనివ్వకుండా! రెండు ముక్కలు మర్యాదగా రాశావా?

మేనకోడలు: రాశా. థాంక్స్ చెప్పా, కారణం కూడా చెప్పా. ఫీజు కట్టలేనని.

మావయ్య: కట్టలేనని ఎందుకు రాశావు? వద్దనుకున్నానని రాయాల్సింది. సర్లే. గుడివాడ పార్టీ మెట్లెక్కుతున్నారు, వాళ్లకి పట్టుచీరలు చూపించాలి. నువ్విక్కడే కూర్చుని ఆ ప్రొఫెసరమ్మకి మెయిల్ రాయి. వాళ్లకి తెల్లారేసరికి చేరాలి. పంపేముందు ఈసారైనా నాకు చదివి వినిపించు. డబ్బు సంగతి మొదట పెట్టు.

మేనకోడలు: మొదట్లోనే డబ్బు అడిగితే ఏమనుకుంటారు మావయ్యా? ముందు రిసెర్చ్ సంగతి, హాస్టళ్ల మీద చెయ్యనిస్తారా అన్నది పెడతా.

మావయ్య: అయితే రెండోది డబ్బు. అంతకంటే కిందకి దించకు.

మేనకోడలు: ఎండాకాలం మూడు నెలలది మూడోది.

మావయ్య: అది డబ్బులో భాగమే. రెండులోనే కలుపు.